నిలబడటానికి చేసిన బండి



బయట తలుపు మీద అంటించిన కాగితంలో "పోలీసు మోటార్‌సైకిళ్ళ డిజైన్" అని చదివి కూడా లోపలికి వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. పక్క గదిలో రియల్ ఎస్టేట్ సెమినారు, ఎదుటి గదిలో పెళ్ళి సంబంధాల పరిచయ వేదిక నడుస్తున్నాయి. అయినా ఇంతమంది ఇక్కడున్నారంటే, స్పీడింగ్ టికెట్టు తప్పించుకునే కిటుకేదో చెబుతానని ఆశపడి వచ్చినవాళ్ళు కొందరైనా ఉండాలి. ఆ కిటుకు నా దగ్గర లేదు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, తింటున్నది సాఫ్ట్‌వేరు కూడు. చదివినదాని మీద మమకారం చావక, రోడ్డు మీద ఏ యంత్రం కనపడినా ఇది ఇలాగే ఎందుకుంది అని ఆలోచించే జబ్బు మాత్రం మిగిలింది.

ఈ విషయమే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మా తాలూకా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మిత్రులం కొంతమందిమి కలిసి, మా ఊరి పోలీసు స్టేషనుకు రెండు గస్తీ బైకులు ఇద్దామనుకున్నాం. మొదటి కాన్ఫరెన్సు కాల్‌లోనే ఒకాయన, "ఇస్తే ఇక్కడ హైవే మీద కనపడే బండి లాంటిది ఇవ్వాలండీ. ఊళ్ళోకి వస్తే జనం తల తిప్పి చూడాలి" అన్నారు. చాలామందికి ఆ మాట నచ్చింది. ఇక్కడి బండి ఇలా ఎందుకుందో తెలియకుండా అక్కడ అలాంటిది కొనడం సరైన పనేనా అని నాకు సందేహం. ఆ సందేహం తీర్చుకోవడానికి చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ మీ ముందు పెడతాను. చివరికి మేం ఏం కొంటున్నామో కూడా చెబుతాను.

పోలీసు బైకు అనగానే మన మనసులో మెదిలేది వెంటాడటం. మన సినిమాల్లో పోలీసు జీపు ఆఖరి రీల్లో వస్తుంది కాబట్టి దాని వేగం గురించి మనకు పెద్దగా భ్రమలు లేవు. కానీ అమెరికా వాళ్ళకు 1977 నుంచి 1983 దాకా ఎన్‌బీసీలో వచ్చిన 'చిప్స్' అనే సీరియల్ ఉంది. కాలిఫోర్నియా హైవే పట్రోల్‌లో పనిచేసే ఇద్దరు కుర్రవాళ్ళు కావసాకీ బండ్ల మీద ఫ్రీవేలో దూసుకుపోతుంటారు. అది చూసి పెరిగిన తరానికి పోలీసు బైకు అంటే వేగమే.

నిజంగా ఆ అధికారి రోజు ఎలా గడుస్తుందో చూడండి. రోడ్డు పక్కన బండి ఆపి, ఇంజను ఆన్‌లో పెట్టి, లేజర్ గన్ పట్టుకుని నిలబడతాడు. ఎవరినో ఆపి టికెట్టు రాస్తాడు. ట్రాఫిక్ జామ్‌లో కార్లు కదలనప్పుడు వాటి మధ్య సందులోంచి నడక వేగంతో ప్రమాదం జరిగిన చోటికి చేరతాడు. అక్కడ మళ్ళీ గంటసేపు దీపాలు వెలిగించి నిలబడతాడు. శవయాత్రలకూ, ఊరేగింపులకూ, మారథాన్ పరుగులకూ ముందు నడుస్తాడు. షిఫ్టులో ఎక్కువ భాగం ఆగి ఉండటం, లేకపోతే నత్తనడక. నిజంగా వెంటాడాల్సి వస్తే రేడియో ఉంది, కార్లున్నాయి, పైన హెలికాప్టర్ ఉంది. బండిలో దాదాపు ప్రతి భాగమూ ఈ ఆగి ఉండటం కోసం, ఈ నత్తనడక కోసం మార్చినదే.

చిన్నప్పుడు పంద్రాగస్టుకి స్కూల్లో స్లో సైకిల్ రేసు పెట్టేవాళ్ళు, గుర్తుందా? కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆఖరున వచ్చినవాడికి స్టీలు గ్లాసు ఇచ్చేవాళ్ళు. పోలీసు మోటార్‌సైకిల్ శిక్షణ అంటే 800 పౌండ్ల బండితో స్లో సైకిల్ రేసు. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ తన మొదటి పోలీసు బండిని 1908లో డెట్రాయిట్ పోలీసులకిచ్చింది. అప్పటి బండి బరువైన సైకిలు లాంటిది. ఇప్పటి హార్లీ పోలీసు బండి పెట్రోలుతో సహా 360 కిలోలు దాటుతుంది. మన ఊళ్ళో తిరిగే స్ప్లెండర్ 110 కిలోల చిల్లర. అంటే మూడు స్ప్లెండర్లను కట్టగట్టి, ఇరుకు సందులో కాలు కింద పెట్టకుండా వెనక్కి తిప్పాలన్నమాట.

వేగంగా పోయే బండి చాలావరకు తనను తనే నిలబెట్టుకుంటుంది. కాస్త ఒరిగితే ముందు చక్రం ఆ వైపే తిరిగి సరిచేస్తుంది. నడక వేగంలో ఆ సాయం ఉండదు, నిలబెట్టే పని మొత్తం మనిషిదే. ఇక్కడ మామూలుగా ఉండే ప్రాథమిక శిక్షణ రెండు వారాలు, 80 గంటలు. అందులో ఎక్కువ భాగం ఖాళీ పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ కోన్ల మధ్య మెలికలు తిరగడమే. నేర్పే మూలసూత్రం ఒకటి: యాక్సిలరేటరు నిలకడగా పట్టుకోవాలి, క్లచ్చు సగం పట్టి సగం జారుతూ ఉండాలి, వెనక బ్రేకు మీద కాలు కొద్దిగా ఆనించే ఉంచాలి. ఇంజను ముందుకు లాగుతుంటే బ్రేకు వెనక్కి పడుతుంది. ఆ రెండింటి మధ్య బండి బిగుసుకుని, కుదుపు లేకుండా అంగుళం అంగుళం కదులుతుంది.

ఇది వినగానే మన డ్రైవింగ్ స్కూల్ మాస్టారు గుర్తుకు రావాలి. "హాఫ్ క్లచ్ మీద నడపకు, ప్లేటు కాలిపోద్ది" అని నెత్తి మీద మొట్టేవాడు. కారుకి సంబంధించినంతవరకు ఆయన చెప్పింది నిజమే. కారులో ఉండేది పొడి క్లచ్చు, జారితే పుట్టిన వేడి పోయే దారి లేదు. హార్లీ, కావసాకీ లాంటి బండ్లలో క్లచ్చు నూనెలో మునిగి ఉంటుంది. చాలా ప్లేట్లుంటాయి, నూనె వేడిని మోసుకుపోతుంది. కాబట్టి రోజంతా సగం క్లచ్చు మీద నడిపినా ఓర్చుకుంటుంది. బీఎండబ్ల్యూ వాళ్ళ ఆర్‌టీ బండికి చాలాకాలం కారు తరహా పొడి క్లచ్చే ఉండేది. 1990ల చివర్లో కాలిఫోర్నియా హైవే పట్రోల్ ఆ బండ్లకు మారింది. పొడి క్లచ్చు బండిని నడక వేగంలో అలా జారుస్తూ నడిపేటప్పుడు ప్లేటు వేడెక్కకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 2014 మోడల్‌కి వచ్చేసరికి ఆ కంపెనీ కూడా నూనెలో మునిగే క్లచ్చుకు మారింది.

క్లచ్చు సంగతి అది. ఇంజను వేడి ఇంకో బాధ. గాలితో చల్లబడే ఇంజనుకు గాలి కావాలంటే బండి కదలాలి. రోడ్డు పక్కన గంట నిలబడితే గాలి ఎక్కడిది? హార్లీ ఇంజనులో రెండు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకది నడిపేవాడి తొడల మధ్య ఉంటుంది. ఆరిజోనా ఎండలో అది ఎలా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు. దీనికి వాళ్ళు చేసిన ఉపాయం నాకు భలే నచ్చింది. బండి ఆగి ఉండి ఇంజను మరీ వేడెక్కితే, కంప్యూటర్ వెనక సిలిండరుకు పెట్రోలు ఆపేస్తుంది. అప్పుడు బండి ఒక్క సిలిండరు మీద నడుస్తుంటే, రెండోది ఉత్త గాలి పంపులా లోపల గాలి ఆడిస్తూ చల్లబడుతుంది. యాక్సిలరేటరు ఇవ్వగానే మళ్ళీ రెండూ పనిచేస్తాయి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. కరెంటు.

మామూలు బైకులో కరెంటు ఖర్చు ఒక హెడ్‌లైటు, ఒక హారన్. పోలీసు బండికి సైరన్, రేడియో, ముందూ వెనకా మెరిసే దీపాలు, పైన లేజర్ గన్ ఛార్జింగ్. లెక్క వేయండి. 100 వాట్ల సైరన్ 12 వోల్టుల మీద సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. పాత హాలోజన్ దీపాలు ఒక్కోటి 55 వాట్లు వేసుకుంటే, నాలుగింటికి 18 ఆంపియర్లు. ఇంట్లో కరెంటుకి ఇది పెద్ద లెక్క కాదు. కానీ బైకు ఆల్టర్నేటర్ ఇంజను వేగాన్ని బట్టి కరెంటు పుట్టిస్తుంది. ఐడిలింగ్‌లో పుట్టేది తక్కువ, దీపాలన్నీ వెలగాల్సింది మాత్రం సరిగ్గా అప్పుడే. ఇంట్లో జీతం తగ్గిన నెలలోనే పెళ్ళిళ్ళన్నీ వచ్చినట్టు.

ఎల్.ఈ.డి. దీపాలు వచ్చాక ఈ కష్టం చాలా తీరింది. హాలోజన్ వెలుగును దాదాపు అయిదో వంతు కరెంటుతో ఇస్తాయి. బీఎండబ్ల్యూ పోలీసు బండిలో ఇంకో పని చేశారు. రెండో బ్యాటరీ పెట్టి, రేడియో, సైరన్, దీపాలు అన్నీ దాని మీద వేశారు. ఆ బ్యాటరీ మొత్తం ఖాళీ అయినా ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ జోలికి రాదు. దీనికి సాఫ్ట్‌వేర్ కారణం కూడా ఒకటుంది, ఇక్కడ కూర్చున్న సగంమందికి అర్థమవుతుంది. పాత బండిలో మెకానిక్ ఎక్కడో ఒక వైరు గీకి, జాయింటు వేసి, టేపు చుట్టి సైరన్ బిగించేవాడు. 2004 నుంచి వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్1200 తరం బండ్లలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నెట్‌వర్కు మీద మాట్లాడుకుంటాయి. మామూలు ఫ్యూజులు లేవు, ప్రతి దీపానికి ఎంత కరెంటు పోతోందో కంప్యూటరే చూస్తుంది. ఎవడో మధ్యలో కన్నం వేసి సైరన్ తగిలిస్తే షార్ట్ అయిందనుకుని లైను కట్ చేసేస్తుంది. ప్రొడక్షన్ సర్వర్ మీద ఎవరికీ చెప్పకుండా కోడ్ పెట్టినట్టే. అందుకే పోలీసు సామానుకు వేరే లైను, వేరే బ్యాటరీ.

ఏంటెనా గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. కారుకు ఇనుప టాపు ఉంటుంది, ఏంటెనా కింద అది అద్దంలా పనిచేస్తుంది. బైకుకు వెనక ఉండేది ప్లాస్టిక్ పెట్టె. దాని మూత కింద ఒక రేకు ముక్క వేస్తే తప్ప రేడియో సరిగా అందదు. మీరు వెనక నుంచి చూసే ఆ పెట్టెలో ఇదీ జరిగే పని. ఆ పెట్టె ఉన్నందువల్లే రెండో మనిషికి సీటు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

స్పీడోమీటరు కూడా వేరే. రాడార్ రాకముందు వేగం కొలిచే పద్ధతుల్లో ఒకటి: ముందు కారుతో సమానంగా వెళ్ళి తన మీటరు చూసుకోవడం. కోర్టులో "నీ మీటరు సరైనదేనా" అని ప్లీడరు అడుగుతాడు కాబట్టి పోలీసు బండి మీటరు సరిచూసి, ధ్రువపత్రం ఇచ్చినదై ఉంటుంది. మన కారు మీటరు కాస్త ఎక్కువే చూపిస్తుంది, అది కంపెనీవాళ్ళ లౌక్యం.

ఇక మనిషి ప్రాణం సంగతి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజిలస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను సంఘటన స్థలానికే వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనంతో గుద్దుకున్న ప్రమాదాల్లో సుమారు మూడింట రెండొంతులు, దారి ఇవ్వాల్సిన ఆ వాహనం ఇవ్వకపోవడం వల్ల జరిగినవే. ఎక్కువగా కనిపించే రకం, ఎదురుగా వస్తున్న బైకు ముందు కారు ఎడమకు తిరగడం. ఆ డ్రైవరు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే, "నాకు కనపడలేదు" అని. కనపడినా కూడా, చిన్న వస్తువు ఇంకా దూరంలో ఉన్నట్టు, రావడానికి ఇంకా టైమున్నట్టు మన కన్ను అంచనా వేస్తుంది. ఎర్ర దీపం, నీలి దీపం, తెల్ల రంగు, సైరన్ పెట్టినా బైకు వెడల్పు పెరగదు కదా. కాలిఫోర్నియా చట్టం ముందు వైపు ఒక ఎర్ర దీపం మెరవకుండా నిలకడగా వెలుగుతూ ఉండాలంటుంది, 1,000 అడుగుల దూరం నుంచి కనపడాలంటుంది. ఇక్కడి నుంచి ఇంటికెళ్ళేటప్పుడు సిగ్నల్ దగ్గర ఎడమకు తిరిగే ముందు రెండోసారి చూడండి. కారులో పాటలు, ఏసీ, అద్దాలు బిగించి ఉంటే సైరన్ వినపడదు, వినపడినా ఏ వైపు నుంచో తెలియదు.

బ్రేకుల్లో అయితే పెద్ద మార్పు ఎ.బి.ఎస్. మోటార్‌సైకిల్‌కి దాన్ని మొదట మార్కెట్లోకి తెచ్చింది 1988లో బీఎండబ్ల్యూ. కారు చక్రం బిగుసుకుపోతే కారు జారుతుంది. బైకు ముందు చక్రం బిగుసుకుపోతే మనిషి సెకనులో నేల మీద ఉంటాడు. 1982 నుంచి 2005 దాకా పెద్దగా మార్పు లేకుండా తయారైన కావసాకీ కేజెడ్1000 పోలీసు బండికి ఇది లేదు. ఆ బండిని మెకానిక్కులు ప్రాణంగా చూసుకునేవారు. ఎక్కడ ఏ బోల్టుందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. మార్చకపోవడం కూడా ఒక సుగుణమే. కానీ ఎ.బి.ఎస్. విషయంలో నేను మెకానిక్కుల పక్షాన నిలబడను.

కింద కనిపించే ఇనుప కడ్డీలు అలంకారం కాదు. శిక్షణలో బండి పడని రోజుండదు. ఆ కడ్డీల మీద ఒరిగి ఆగితే కాలు కింద నలగదు, మళ్ళీ లేపడానికి వీలుంటుంది. కాళ్ళు పెట్టుకునే పలకలు వెడల్పుగా ఉండేది బూటు మడమ అప్పుడప్పుడు జరుపుకోవడానికి. సీటు కింద స్ప్రింగో, గాలి తిత్తో ఉంటుంది. పది గంటలు కూర్చునేవాడి నడుము కోసం.

కాలిఫోర్నియాలో పుట్టిన జీరో కంపెనీ కరెంటు బండ్లు కూడా కొన్ని ఊళ్ళ పోలీసులు వాడారు. వాటికి క్లచ్చే లేదు, నిలబడితే వేడీ లేదు. ఊరి లోపల, పార్కుల్లో బాగుంటాయి. ఫ్రీవే మీద గంటల తరబడి వేగంగా తిరగాలంటే మాత్రం బ్యాటరీ సరిపోవడం కష్టం.

సరే, మా ఊరి సంగతి. మన దగ్గర పోలీసులకూ మోటార్‌సైకిల్‌కూ సంబంధం కొత్తది కాదు. 1950ల మధ్యలో సరిహద్దు గస్తీ కోసం భారత ప్రభుత్వం 800 బుల్లెట్లు ఆర్డరు చేసింది. దాంతోనే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ కంపెనీ మొదలైంది. ఇప్పుడు హైదరాబాదులో, ఇంకా మన ఊళ్ళల్లో బ్లూ కోల్ట్స్ పేరుతో తిరిగేవి చాలావరకు మామూలు కమ్యూటర్ బైకులు. ఒక్కో బండి మీద ఇద్దరు. ఫోన్ రాగానే సందుల్లోంచి వెళ్ళి గొడవ దగ్గర ఇద్దరూ దిగాలి. అక్కడి పని అది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రేడియో పెట్టె ఇక్కడ కుదరదు, రెండో సీటే ఆ బండికి ప్రాణం.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు టీ కొట్టు దగ్గర బండి ఆపుకున్న ఇద్దరు కానిస్టేబుళ్ళతో మాట కలిపాను. పెద్ద బండి ఇస్తే ఎలా ఉంటుందండీ అని అడిగాను. ఒకాయన నవ్వాడు. "స్పీడు మాకెందుకు సార్, పెద్ద బజారులో రెండో గేరు పడదు. పెద్ద బండి ఇస్తే దాన్ని ఎస్సై గారింటి ముందు నిలబెట్టి, తుడవడానికి మళ్ళా మమ్మల్నే పిలుస్తారు" అన్నాడు. మరేం కావాలంటే రెండో ఆయన అందుకున్నాడు. "ఈ సీటు చూడండి సార్, నల్ల రెగ్జిను. మే నెల్లో రెండింటికి కూర్చుంటే ఒళ్ళు కాలిపోద్ది. సైరను వేసుకుని అరగంట నిలబడితే సెల్ఫు తీసుకోదు, జనం ముందర కిక్కు కొట్టుకోవాలి. కంట్రోలు రూం నుంచి వచ్చేదంతా ఈ ఫోన్లోనే. సాయంత్రానికి ఛార్జింగు ఉండదు, వానొస్తే కవరులో కట్టుకుంటాం." లాఠీ ఎక్కడ పెడతారని అడిగితే, వెనక కూర్చున్నవాడు చేత్తో పట్టుకుంటాడన్నారు. బండి గుంటలో పడితే ఇక పట్టుకోవడానికి వాడికి ఒకటే చెయ్యి మిగులుతుంది.

ఆ సెల్ఫు మాట విన్నాక నాకు కాలిఫోర్నియా గుర్తొచ్చింది. అక్కడ రెండో బ్యాటరీ పెట్టించిన సమస్యే ఇక్కడ టీ కొట్టు దగ్గర నిలబడి ఉంది. కమ్యూటర్ బైకు బ్యాటరీ 4 ఆంపియర్-గంటల లోపు. దాని మీద 8 ఆంపియర్ల సైరన్ వేస్తే కాగితం మీదే అరగంట, నిజంగా ఇంకా తక్కువ. ఆయన చెప్పిన అరగంట లెక్కకు సరిగ్గా దగ్గరగా ఉంది.

చివరికి మా మిత్రబృందం జిల్లా అధికారుల అనుమతి అడిగి కొంటున్నది 160 సీసీ బండ్లు రెండు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఎ.బి.ఎస్. తప్పనిసరి, కాబట్టి అది ఎలాగూ వస్తుంది. అయితే ఒక్క ముందు చక్రానికే ఇచ్చినా చట్టం ఒప్పుకుంటుంది. మేం రెండు చక్రాలకూ ఉన్నది అడిగాం. సైరన్‌కూ, ఎల్.ఈ.డి. దీపాలకూ సీటు కింద వేరే చిన్న బ్యాటరీ. ఫోనుకు వాన తగలని పెట్టె, ఛార్జింగ్ పాయింటు. ముందూ వెనకా కాళ్ళకు గార్డులు, లాఠీకి పక్కన ఒక క్లిప్పు, సీటు మీద లేత రంగు గుడ్డ తొడుగు. ఇద్దరికీ తలకు సరిపోయే హెల్మెట్లు. మిగిలిన డబ్బు మూడేళ్ళ సర్వీసుకు ఊళ్ళో మెకానిక్ దగ్గర పెడుతున్నాం. బండి ఇచ్చి ఫోటో దిగి వచ్చేశాక టైరు ఎవరు మారుస్తారన్నది దాతల మీటింగుల్లో ఎవరూ అడగని ప్రశ్న.

పెద్ద బండి అన్నాయన ఈ లెక్కలన్నీ విని ఒప్పుకున్నారు. "పోనీ రంగయినా ఇక్కడి బండ్లలాగా తెలుపు వేయిద్దామండీ" అంటున్నారు. దానికి నేను అడ్డు చెప్పలేదు. మా ఊరి ఎండలో తెల్ల ట్యాంకు నల్లదాని కంటే తక్కువ కాలుతుంది.

ఇక మీ ప్రశ్నలు.